మొదటి బస్తా పేరు లాభం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని హిందూపురం మార్కెట్టు యార్డులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. పేరు నారాయణ. ఈశ్వరప్ప సావుకారు చింతపండు మండీలో పంతొమ్మిదేళ్ళుగా గుమాస్తాను. ఏ లారీలో ఎన్ని బస్తాలు పడ్డాయో రాయడం నా పని. లెక్క విషయంలో ఎవడైనా నాకు పాఠం చెప్పబోయాడంటే ఒళ్ళు మండిపోతుంది. అలాంటి నేను ఒక హమాలీ గురించి, అతను కోడింగ్ నేర్చుకున్న వైనం గురించి కూర్చుని రాస్తున్నానంటే, చూసుకోండి మరి.

అతని పేరు బాబావలి. నలభై రెండేళ్ళు. ఊరు పెనుకొండ, కోట కింద పేట. వాళ్ళ నాయన మాబుసాబ్ ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పల్లెలన్నిటికీ కొలగాడు. అంటే కళ్ళంలో రాగులో జొన్నలో రాశి పోస్తే, శేరు పట్టుకుని కొలిచి ఎంత పండిందో చెప్పేవాడు. కొలిచేటప్పుడు మొదటి శేరుకు ‘ఒకటి’ అనకూడదు. ‘లాభం’ అనాలి. లాభం, లాభం, లాభం అని పాటలాగా అంటూ పోసి, తర్వాత రెండు, రెండు, రెండు. అలాగే ‘ఏడు’ అనకూడదు. రాశి ముందు కూర్చుని ఎవరైనా ఏడుస్తారా? అందుకని ‘ఆరున్నొకటి’ అంటారు. పదిహేడుకు పదహారున్నొకటి, ఇరవై ఏడుకు ఇరవై ఆరున్నొకటి. మాబుసాబ్ గొంతు విప్పితే పక్క ఊరి కళ్ళం దాకా వినబడేదట.

తర్వాత కాటాలు వచ్చాయి, కొలగాని పని పోయింది. బాబావలి హిందూపురం వచ్చి మా యార్డులో మూటలు మోయడానికి కుదురుకున్నాడు. ముసలాయనకు అది ఒప్పుదల కాలేదు. ఎప్పుడు హిందూపురం వచ్చినా నా ముందరే దెప్పేవాడు. “కొలిచేవాని కొడుకు మోసేవాడాయె కదప్పా నారాయణా,” అనేవాడు. బాబావలి ఇంకో మూట భుజానికెత్తుకునేవాడు. పద్దెనిమిదేళ్ళు మోశాడు.

మూడేళ్ళ కిందట లారీకి ఆనించిన తడి పలక మీద కాలు జారి, మూట కింద పడి నడుము దెబ్బతింది. ఇక బిందెడు నీళ్ళు కూడా ఎత్తొద్దన్నాడు డాక్టరు. ఈశ్వరప్ప నోరు పెద్దదే కానీ మనిషి చెడ్డవాడు కాదు. లారీ పక్కన ఒక స్టూలు వేయించి, “వలీ, నువ్వు ఈడ కూచోని లెక్క పలుకు,” అన్నాడు. హమాలీలు ఒక్కో బస్తా ఎక్కిస్తుంటే బాబావలి గట్టిగా లెక్క పలకాలి, నేను రాసుకోవాలి. కళ్ళాల్లో పోయిన లాభం మాట మా హమాలీల నోట మాత్రం ఇంకా ఉంది కాబట్టి వాళ్ళకూ హాయిగానే ఉండేది. ఆ స్టూలే బాబావలికి బతుకు. అది పోతే ఇంకో పని చేసే ఒళ్ళు లేదు అతనికి.

రెండేళ్ళు తిరిగేసరికి గొంతు పోయింది. రోజుకు ఐదారు వందల బస్తాలు అరిచి అరిచి, చివరికి బొంగురు గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు. లెక్క పలికేవాడికి గొంతు లేకపోతే స్టూలు ఎందుకు? అతని మొహంలో ఆ భయం నాకు రోజూ కనబడేది. జాలి పడ్డానని అబద్ధం చెప్పను. నాకు సరిగ్గా వినబడక విసుక్కునేవాణ్ణి.

అప్పుడే అతని కూతురు సమీనా, ఎనిమిదో తరగతి, బడిలో ఇచ్చిన ట్యాబ్ ఇంటికి తెచ్చింది. అందులో పిల్లలకు కోడింగ్ నేర్పే ఒక ఆట లాంటిది ఉంది. రంగురంగుల ముక్కలు. ఒక్కో ముక్క మీద ఒక మాట, అదీ తెలుగులో. ‘తాకినప్పుడు’, ‘ఒకటి కలుపు’, ‘ఈ శబ్దం వినిపించు’, ‘అయితే’. ముక్కకు ముక్క అతికిస్తే బొమ్మ చెప్పినట్టు చేస్తుంది. అతకని ముక్క అతకదు, కాబట్టి తప్పు చేద్దామన్నా కుదరదు. ఆరో తరగతితో బడి మానేసిన బాబావలి పక్కన కూర్చుని రెండు రోజులు చూశాడు. మూడో రోజు కూతురు దగ్గర లాక్కుని తనే అతికించాడు. తాను కూడా ఒక పాత ట్యాబ్ సంపాదించాడు.

వారం తర్వాత దాన్ని యార్డుకు తెచ్చి, స్పీకరు తగిలించి, స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి బస్తా పడగానే తెర మీద బస్తా బొమ్మను తాకాడు.

“ఒకటి,” అంది ట్యాబ్, ఆడగొంతుతో.

మా హమాలీల మేస్త్రి ఓబులేసు ఆగిపోయాడు. “ఏమప్పా వలీ, ఒకటి అంటాదేంది? పొద్దున్నే ఒంటి లెక్కనా? లాభం అనమను దాన్ని!”

సరే పోనీలే అని మోస్తూ పోయారు. ఏడో బస్తాకు ట్యాబ్ ముద్దుగా “ఏడు” అనేసింది. అంతే, యార్డు యార్డంతా గొల్లుమంది.

“ఏడంట ఏడు! యాల ఏడల్లప్పా? నడుములిరిగేది మావి, ఏడ్చేది అదా?” అన్నాడు ఓబులేసు.

నేను కూడా ఊరుకోలేదు. “ఏమప్పా వలీ, బొమ్మలాట బాగుండాది. పైసలు చల్లల్లా?” అన్నాను. అతను నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మండింది.

శనివారం పెనుకొండ పోయి వాళ్ళ నాయనను కూర్చోబెట్టాడు. ఒక లారీకి బస్తాలు మూడు వందలకు మించవు. “నాయనా, లాభం మొదలుకొని మూడు నూర్ల దాకా నీ గొంతుతో పలుకు, నేను ట్యాబ్‌లో పట్టుకుంటా,” అన్నాడు. ముసలాయనకు డెబ్బై ఎనిమిది. అడిగిందే తడవు మీసం దువ్వుకుని, అలవాటు ప్రకారం అరచెయ్యి నేల మీద ఆనించి, కళ్ళు మూసుకుని ‘బిస్మిల్లా’ అని మొదలుపెట్టాడు. రెండు మధ్యాహ్నాలు పట్టిందట అంతా పలకడానికి. అప్పుడు బాబావలి ఒక్కో లెక్కను వేరు చేసి, మొదట్లో ఉన్న ఆ బిస్మిల్లాను కోసి పారేశాడు.

ముసలాయన వింటానని అడిగి విన్నాడు. విని మొహం మాడ్చుకున్నాడు. “మొదలే కోసేస్తివి కదరా! అది లేకుండా నేను ఏ పొద్దయినా శేరు ముట్టుకున్నానా?”

“లెక్కలో దానికి చోటు లేదు నాయనా. మొదటి ముక్క లాభందే. దాని కన్నా ముందర ముక్కే లేదు.”

“చోటు లేదంట, చోటు!” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కొడుకు రైలుకు బయల్దేరినా లేవలేదు.

ఆ సోమవారం మా యార్డులో మాబుసాబ్ గొంతు మోగింది. “లాభం!” అని స్పీకరు అరవగానే ఓబులేసు బస్తా భుజానికెత్తుకుని “అద్దీ మాట!” అన్నాడు. ఆ గొంతుకు తగ్గట్టు అడుగులు పడ్డాయి. నాకూ బాగానే వినబడేది. ఏడాది పాటు ఏ గొడవా లేకుండా నడిచింది. అతని గొంతు కూడా మెల్లగా తిరిగి వచ్చింది.

ఆ ముక్కల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ‘లెక్క ఒకటి అయితే ఈ శబ్దం, రెండు అయితే ఆ శబ్దం’ అని ఒక్కో బస్తాకు ఒక్కో ‘అయితే’ ముక్క పెట్టాడు. మూడు వందల ముక్కలు, ఒకదాని కింద ఒకటి. చివరి దాకా చూడాలంటే వేలు నొప్పి పుట్టేదాకా తెర జరపాలి. ఆ ఆటలో అంతకంటే వేరే దారి అతనికి తెలియదు. ఎంతయినా అది పిల్లల కోసం చేసింది.

ఈ ఏడు ఫిబ్రవరిలో చింతపండు పోటెత్తింది. ఒకేసారి మూడు లారీలకు ఎక్కించాల్సిన రోజు వచ్చింది. బాబావలి ఆ మూడు వందల ముక్కల్ని మూడు దఫాలు పెట్టాడు, బండికి ఒక వరస. ఏ బండి లెక్కో తెలియడానికి ‘ముందర బండి’, ‘నడిమి బండి’, ‘ఎనక బండి’ అని నాయనతో పలికించి తెచ్చాడు. పొద్దున బాగానే ఉంది. పదకొండు గంటలకు ట్యాబ్ పెనంలా కాలింది. “నూట నలభై రెండు,” అంది. ఇంకో బస్తా పడింది. “నూట నలభై రెండు,” అంది మళ్ళీ. ఆ తర్వాత తెర నల్లబడింది. మూడు బండ్ల లెక్కా దాంతోపాటే పోయింది.

అందరూ నా పుస్తకం వైపు చూశారు. ఇప్పుడొక నిజం చెబుతాను, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ట్యాబ్ ఉంది కదా అని నేను కొంతకాలంగా రాయడం మానేశాను. ఆఖర్న అడిగి రాసుకునేవాణ్ణి. ఆ రోజు గంటసేపు ఉలిగమ్మ టీ అంగడి దగ్గర కూర్చున్నాను. నా పుస్తకంలో ఏమీ లేదు. తప్పు మాత్రం బాబావలి నెత్తిన పడింది, నేను పడనిచ్చాను.

మూడు లారీలూ దించి మళ్ళీ లెక్కపెట్టి ఎక్కించారు. హమాలీలు తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు. ఈశ్వరప్ప ఎండలోకి వచ్చి నిలబడ్డాడు. “వలీ, నెల దినాలు చూస్తా. మూడు బండ్లు ఒకే తూరి తప్పు లేకుండా పలికిస్తివా సరి. లేకుంటే బెంగుళూరు నుంచి లెక్కపెట్టే మిషన్ తెప్పిస్తా. ఆ స్టూలు ఎత్తేయడమే!”

బాబావలి స్టూలు దిగాడు. చేతిలో వేడి ట్యాబ్‌ను తువ్వాలులో చుట్టుకుని ఇంటికి పోయాడు.

మరుసటి రోజు సమీనా చదివే బడికి పోయి కంప్యూటరు సారు శామ్యూల్‌కు చూపించాడు. ఆయన ఆ తొమ్మిది వందల ముక్కలు చూసి కాసేపు తల గోక్కున్నాడట. “అన్నా, మీరు చిన్నపిల్లల సైకిలుకు లారీ లోడు కట్టినారు. దాని తప్పేం లేదు, మీ తప్పూ లేదు. మీరు దాన్ని దాటేసినారు, అంతే. ఇంక ముక్కలు వద్దు. కోడ్ రాసేదానికి రావల్ల.”

“యాడ నేర్పుతారు సార్?”

“ధర్మవరంలో సాయిసుధ అని మాతో చదివిన అమ్మాయి. ఆదివారం ఆదివారం పోండి.”

అలా మొదలైంది రైలు. ఆదివారం పొద్దున హిందూపురంలో ప్యాసింజరు ఎక్కి, పెనుకొండ మీదుగా ధర్మవరం. స్టేషనుకు దగ్గర్లో మేడ మీద సాయిసుధ కంప్యూటర్ సెంటరు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయేమో ఆ అమ్మాయికి. డిగ్రీ కుర్రాళ్ళ మధ్య తువ్వాలు భుజాన వేసుకుని ఈయన కూర్చున్నాడు.

“ఇంగ్లీషు వచ్చా అన్నా?” అని అడిగిందట.

“లారీ నంబర్ల మటుకు వస్తాదమ్మా. కే, ఏ అంటే కర్ణాటక. టీ, ఎన్ అంటే తమిళనాడు. ఏ, పీ మనది. జీ, జే గుజరాత్.”

“సగం అక్షరాలు వచ్చేసినాయి అన్నా. మిగిలిన సగం నేను చెప్తా. మనం నేర్చుకునే దాని పేరు పైథాన్.”

“అంటే ఏందమ్మా?”

“కొండచిలువ.”

“ముక్కలు దాటుకోని పాము నోట్లోకి వస్తినా!” అన్నాడట. గదంతా నవ్వింది.

ఆ మొదటి ఆదివారమే ఆమె ఒక సంగతి చూపించింది. మూడు వందల శబ్దాలనూ ఒకే వరసలో, ఒకే బ్రాకెట్లో పెట్టొచ్చు. ‘ఎన్నో లెక్కో ఆ చోటులో ఉన్న శబ్దం వినిపించు’ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. వాక్యం అంటే చిటికెన వేలంత. బాబావలి దాని మీద వేలు పెట్టాడు.

“నా మూడు నూర్ల ‘అయితే’లు?”

“ఈ ఒక్క వరస అన్నా.”

నాకు అది చెప్పేటప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నారాయణన్నా, ఏడాది పొడుగునా గోడ ఎక్కి దూకుతాంటి. పక్కనే తలుపు ఉండాది,” అన్నాడు.

తలుపు ఉంటే ఉంది కానీ ఇంగ్లీషు గడప ఎత్తుగానే ఉంది. ముక్కల ఆటలో తప్పు అతకనే అతకదు. ఇక్కడ ఒక చుక్క మరిచిపోయినా అంతా ఆగిపోయి తెర మీద ఎర్ర రాతలు వస్తాయి. అతనికి ఆ రాతలు చదవడం రాదు. మధ్యాహ్నం అన్నాల వేళ ట్యాబ్ తెచ్చి నా ముందు పెట్టేవాడు. “నారాయణన్నా, ఈ ఎర్ర రాత ఏమంటాది?”

మొదట కసురుకున్నాను. “నీ గురువమ్మనే అడుగుపో!” అన్నాను. కానీ నా పుస్తకంలో ఆ ఖాళీ పేజీ గుర్తొచ్చింది. కూడబలుక్కుని చదివాను. ఏడో వరసలో ఏదో లేదంటోంది. ఇద్దరం వెతికితే చుక్క మీద చుక్క, అదే కోలన్, పెట్టలేదు. అతను పెట్టాడు. ఎర్ర రాత పోయింది. చెప్పొద్దూ, నాకే అంత సంతోషమేసింది! ఆ తర్వాత నుంచి అన్నం డబ్బా తెరవకముందే “ఏమప్పా, ఈ పొద్దు ఎర్ర రాత లేదా?” అని నేనే అడిగేవాణ్ణి.

నాలుగు ఆదివారాలు గడిచాయి. చిన్న అంకెల కీబోర్డు ఒకటి తగిలించాడు. ఒకటి నొక్కితే ముందర బండి, రెండు నొక్కితే నడిమి బండి, మూడు నొక్కితే ఎనక బండి. నెట్టు అక్కర్లేదు, వేడెక్కదు, ఆగిపోయినా లెక్క ఎక్కడికీ పోదు. ఈశ్వరప్ప పెట్టిన గడువు సోమవారం. శనివారం ఒక లారీకి పెట్టి చూద్దామన్నాడు. హమాలీలు, ఉలిగమ్మ, పక్క మండీ వాళ్ళు, అందరూ చేరారు. ఓబులేసు మొదటి బస్తా వేశాడు. బాబావలి నొక్కాడు.

“ముందర బండి… రెండు!”

ఎవరూ కదల్లేదు. ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు. “లాభం యాడపాయప్పా?”

బాబావలి మళ్ళీ మొదటి నుంచి పెట్టి నొక్కాడు. “ముందర బండి… రెండు!” ఎన్నిసార్లు నొక్కినా అంతే. ఎర్ర రాత ఒక్కటి లేదు. తప్పు అని చెప్పకుండా తప్పు చేస్తోంది. ఎక్కడని వెతకాలి?

“మూడు మూరల కోడ్ రాసి లాభమే మింగేస్తివి కదప్పా! కొండచిలువ మింగినట్టుండాది,” అన్నాడు ఓబులేసు. నవ్వుతూ అనలేదు. లాభం పలకని లారీకి చెయ్యి వేసేది లేదని హమాలీలు అరుగు మీద కూర్చున్నారు. ఈశ్వరప్ప గది లోంచి తొంగి చూసి, “సోమవారం, వలీ,” అని మాత్రం అన్నాడు. ఆ రోజు లెక్క నేను పలికాను. నూరు దాటేసరికి గొంతు చీరుకుపోయింది. ఈ మనిషి రెండేళ్ళు ఎలా అరిచాడో అప్పుడు తెలిసింది నాకు.

ఆదివారం ప్యాసింజరులో అతని పక్కన నేనూ కూర్చున్నాను. “యాడికన్నా నువ్వు?” అన్నాడు. “నోరు మూసుకోని కూచో,” అన్నాను.

సాయిసుధ చూసిన వెంటనే నవ్వేసింది. “అయ్యో అన్నా! నేను ముందే చెప్పాల్సింది. ఆ ముక్కల ఆటలో వరస ఒకటి నుంచి మొదలవుతుంది. పిల్లలకు సులువుగా ఉండాలని. ఇందులో మొదటి చోటు పేరు ఒకటి కాదు, సున్నా. మీ లాభం సున్నా చోటులో కూర్చుంది. మీరు ఒకటో చోటును అడిగితే రెండు పలికింది. మా వాళ్ళందరూ ఇక్కడే పడతారు. లెక్కలోంచి ఒకటి తీసేసి అడగండి, అయిపోతుంది.”

అయిపోయింది కదా, రాసెయ్యి మరి! రాయడే. చేతులు ఒళ్ళో పెట్టుకుని తెర వైపు చూస్తున్నాడు.

“మాకు మొదటిది ఒకటి కాదు, లాభం. మీకు మొదటిది ఒకటి కాదు, సున్నా,” అన్నాడు మెల్లగా. “మేడమ్మా, సున్నా అంటే ఇంకా బస్తా పడకముందర, కదా?”

“అవునన్నా.”

“అంటే లాభం కన్నా ముందర ఒక చోటు ఉండాది.”

“ఉంది. లాభాన్ని ఒకటిలోకి జరిపి, సున్నా చోటు ఖాళీగా వదిలేసినా పని జరుగుతుంది.”

“ఖాళీ యాలమ్మా?” అని లేచి నిలబడ్డాడు. “నాయన చెప్పినాడు. నేనే కోసి పారేస్తి. చోటు లేదంటి!”

సాయిసుధకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

తిరుగు బండిలో పెనుకొండలో దిగిపోయాం. మాబుసాబ్ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. ఏడాది గడిచినా ఆ ముక్క కోసేసిన కోపం తగ్గలేదు. మమ్మల్ని చూసి, “మల్ల ఏం కోయల్లని వచ్చినావురా?” అన్నాడు.

బాబావలి ఆయన ముందు గొంతుకూర్చున్నాడు. “కోసింది అతికించేకి వచ్చినా నాయనా. దానికి చోటు ఉండాది. లాభం కన్నా ముందర చోటే అది. నాకి ఇప్పుడు తెలిసె.”

ముసలాయన కొడుకు మొహంలోకి చూశాడు. “చదువుకున్నోళ్ళు పెట్టినారా ఆ చోటు?”

“అవు నాయనా.”

“మంచోళ్ళే,” అన్నాడు. అరచెయ్యి నేల మీద ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు. “బిస్మిల్లా,” అన్నాడు. ఆ ఒక్క మాట కోసం బాబావలి మూడుసార్లు పలికించాడు, పక్కింట్లో కుక్కర్ కూత పడిందని ఒకసారి, నేను ముక్కు చీదానని ఒకసారి. నాకు జలుబు కాదు.

“నేనూ వస్తా. యాడ పలుకుతాదో చూడల్ల,” అని ముసలాయన కండువా తీసుకున్నాడు.

సోమవారం పొద్దున మూడు లారీలు వరసగా నిలబడ్డాయి. మాబుసాబ్‌ను నీడలో చింతపండు బస్తా మీద కూర్చోబెట్టాం. నేను ఈసారి మూడు పుస్తకాలు తెచ్చుకున్నాను, ఒక్క బస్తా కూడా వదలకూడదని. బాబావలి స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టే మీట నొక్కాడు.

“ముందర బండి, బిస్మిల్లా,” అంది స్పీకరు.

ఓబులేసు బస్తాను తాకి కళ్ళకద్దుకుని “గోవిందా!” అని భుజానికెత్తి లారీలో వేశాడు.

“లాభం!”

ఏం చెప్పమంటారు! ఈలలు, చప్పట్లు. నీడలో ముసలాయన తనకు తెలియకుండానే “లాభం, లాభం” అంటూ చెయ్యి ఊపుతున్నాడు. నడిమి బండి, ఎనక బండి కూడా బిస్మిల్లా చెప్పుకున్నాయి. బాబావలి వేళ్ళు మూడు మీటల మీద ఆడుతుంటే, మాబుసాబ్ గొంతు మూడు బండ్లకూ తిరిగి తిరిగి లెక్క చెబుతోంది. ఆరున్నొకటి వచ్చింది, నవ్వులు. నూట నలభై రెండు వచ్చింది. నేను కలం పుస్తకం మీద ఆనించాను. బస్తా పడింది.

“నూట నలభై మూడు!”

“దాటిందిరా!” అని అరిచింది నేనే. గుమాస్తా అరవకూడదు, అరిచాను.

మధ్యాహ్నం రెండున్నరకు మూడు బండ్లూ నిండాయి. ఈశ్వరప్ప వచ్చి నా పుస్తకాలూ ట్యాబూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండు వందల డెబ్బై ఎనిమిది, రెండు వందల తొంభై ఒకటి, రెండు వందల అరవై నాలుగు. ఎక్కడా ఒక్కటి తేడా లేదు. ఆయన కళ్ళజోడు తీశాడు.

“నారాయణా, ఆ స్టూలు ఎత్తేయప్పా.”

బాబావలి మొహం పాలిపోయింది. ఓబులేసు తువ్వాలు దులుపుతూ ఆగిపోయాడు. నాకు కోపం ముక్కు మీదికి వచ్చి, సావుకారు అని కూడా చూడకుండా నోరు తెరవబోయాను.

“నడుము ఇరిగినోన్ని మూడేండ్లు స్టూలు మీద కూచోబెడితిమి కదా, మనకి బుద్ధుండాదా?” అన్నాడు ఈశ్వరప్ప. “ఈపు ఆనుకునే కుర్చీ యెయ్యి.”

“కుర్చీ యాడుండాది సావుకారీ?”

“నువ్వు కూచుంటావే, అదే.”

యార్డంతా పడీ పడీ నవ్వింది. నా కుర్చీ నేనే మోసుకొచ్చి వేశాను. బాబావలి కూర్చోడానికి మొహమాటపడుతుంటే మాబుసాబ్ లేచి వచ్చి భుజం మీద చెయ్యేసి నొక్కి కూర్చోబెట్టాడు. “కొలిచేవాని కొడుకు కొలిచేవాడే అయినాడప్పా నారాయణా,” అన్నాడు నాతో. కొడుకు తలకాయ వంచుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇప్పుడు మా వరసలో ఇంకో రెండు మండీల్లో, పెనుకొండలో ఒక వేరుశనక్కాయల గోదాములో కూడా ఆ గొంతే పలుకుతోంది. పాత ముక్కల ఆట మాత్రం బాబావలి తీసేయలేదు, వాళ్ళ వీధి పిల్లలకు అందులోనే మొదలుపెట్టిస్తున్నాడు.

ఇదంతా నేను ఆ స్టూలు మీద కూర్చునే రాశాను. నడుము పట్టేసింది. నిన్న బాబావలి కుర్చీలో వెనక్కి వాలి, “నారాయణన్నా, నీకి కూడా నేర్పుతా, రా,” అన్నాడు. ఒళ్ళు మండింది. అయినా స్టూలు దగ్గరికి జరుపుకున్నాను.

“యాడ నుంచి మొదలుపెట్టల్ల?” అన్నాను.

“సున్నా నుంచి.”